విశ్వాసమ్మ అడిగిన గోడ

బొమ్మలు వేసే ఆడవాళ్ల గురించి రాయబోతే మనవాళ్ల చేతికి రెండే కథలు తగుల్తాయి. ఒకటి, లోకం గుర్తించక కన్నీళ్లతో రంగులు కలుపుకున్న దురదృష్టవంతురాలి కథ. రెండోది, దేవుడు కలలో కనిపించి కుంచె చేతికిచ్చిన పుణ్యాత్మురాలి కథ. విశ్వాసమ్మకు ఈ రెండూ అతకవు. ఆమె వేళకు తినేది, హాయిగా నిద్రపోయేది, ఇరుగుపొరుగుతో ఉత్సాహంగా పోట్లాడేది. కలలో దేవుడెప్పుడైనా కనిపించాడా అని ఒక ఉపదేశి భక్తిగా అడిగితే, "నా కలలోకి ఎప్పుడూ ఎనుములే వస్తాయప్పా, అవి గూడా ఒట్టిపోయినవి" అన్నదట. ఆ ఉపదేశి మళ్లీ ఆమెను ఏమీ అడగలేదు.

ఆమె 1902లో కోడుమూరుకు నాలుగు మైళ్ల దూరంలో, నలభై క్రైస్తవ కుటుంబాలున్న ఒక పల్లెలో పుట్టింది. తండ్రి దాసన్న కూలివాడు. కూతుర్ని కర్నూలు మిషను బడిలో చేర్చింది చదువు మీద మమకారంతో కాదు, అక్కడ రెండు పూటలా సంకటి పెడతారని. ఇది చెప్పుకోడానికి ఆ కుటుంబంలో ఎవరూ సిగ్గుపడలేదు. మనం మాత్రం ఎందుకు సిగ్గుపడాలి?

ఆ బడిలో ఒక దొరసాని ఆడపిల్లలచేత అట్టముక్కల మీద గులాబీలు వేయించేది. అవి ఓడెక్కి ఆమె దేశం పోయేవి. అక్కడి భక్తులు వాటిని కొని బడికి సాయపడేవారు. గులాబీని కంటితో చూడని పిల్లలు గులాబీని చూసిన పిల్లలకంటే బాగా వేసేవారని ప్రతీతి. పదమూడేళ్ల విశ్వాసమ్మకు గులాబీలు కుదరలేదు. ఒకరోజు అట్ట మీద ఎర్రగడ్డ, అంటే ఉల్లిగడ్డ, వేసింది. పైపొర సగం ఊడి, ఒక పొట్టు ముక్క అట్ట అంచు మీద పడి ఉన్నట్టు. దొరసాని అట్ట అందుకొని, ఆ పొట్టును ఉఫ్ అని ఊదింది. పోలేదు. మళ్లీ ఊదింది. అప్పుడు సంగతి అర్థమై, కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్విందట.

ఆ సాయంత్రమే తన నూనెరంగుల పెట్టె విశ్వాసమ్మ ముందు పెట్టింది. "ఉన్నది ఉన్నట్టు వేయడమే కళంతా కాదు. కానీ నీకు వచ్చింది అది. వచ్చిందాన్ని బాగా నేర్చుకో," అంది. ఒక గురువు ఇంత నిజం చెప్పిన సందర్భాలు అరుదు. మూడేళ్లపాటు నీడ ఎట్లా పడుతుందో, అవిసె నూనె ఎంత కాచాలో, కొత్త సున్నం నూనెరంగును ఎట్లా తినేస్తుందో నేర్పి, దొరసాని ఓడెక్కి వెళ్లిపోయింది. రంగుల గొట్టాలు ఏడాదిలో అయిపోయాయి. విశ్వాసమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. జాజు ఉంది, బేతంచెర్ల వైపు పసుపుమన్ను ఉంది, నీలిమందు ఉంది, దీపపు మసి ఇంటింటా ఉంది. తెలుపు దగ్గరే చిక్కు వచ్చింది. కడప వైపు నుంచి వచ్చే ముగ్గురాయి పొడి చేతిలో పాలలా ఉండేది, నూనె తగిలితే నీళ్లలా అయిపోయేది. తెల్లరంగు ఒక్కటీ కర్నూలు బజారులో కొనేది. కుంచెలు ఉడుత తోక వెంట్రుకలు.

పద్దెనిమిదో ఏట లేవిని పెళ్లాడింది. లేవి ఆమె సొంత ఊళ్లోనే మిషను బడి పంతులు. నెమ్మదైనవాడు. శనివారాల్లో చెక్కలు చిత్రిక పట్టడం అతని సరదా. ఆ చెక్కల మీద బొమ్మలు వేయడం ఆమె సరదా. ఇంతకుమించిన దాంపత్య రహస్యం ఏదైనా ఉంటే వాళ్లు బయటపెట్టలేదు.

కాపురానికి వచ్చిన ఆర్నెల్లకు వాకిలి పక్క మట్టిగోడ మీద ఆమె ఒక చిలక్కొయ్య వేసింది. ఏ ఇంట్లోనైనా మగవాళ్లు లోపలికి రాగానే తలగుడ్డ తీసి తగిలించే కొయ్య అది. దాని కింద నీడ కూడా వేసింది. చీరలు అమ్మవచ్చే నేతపని లింగన్న మాటల్లో ఉండి తలగుడ్డ దానికి తగిలించాడు. అది కింద పడింది. దులిపి మళ్లీ తగిలించాడు. మళ్లీ పడింది.

"ఏమప్పా లేవీ, ఈ కొయ్య వదులైండాది. ఒక దెబ్బ ఎయ్యరాదా?" అన్నాడు.

"ఎంత గొట్టినా నిలబడదు లింగన్నా," అన్నాడు లేవి, తల పైకెత్తకుండా.

"సుత్తి నాకియ్యి, నేను గొడతా!"

సుత్తి ఎత్తిన చేయి గోడ దగ్గరికి పోయి ఆగిపోయింది. లోపల విశ్వాసమ్మ నవ్వు ఆపుకోలేక చేటలో కొర్రలన్నీ ఒలకబోసింది. లింగన్న ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, తనతోపాటు ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చేవాడు. వాళ్ల తలగుడ్డలు పడుతుంటే చూసి ఆనందించేవాడు.

ఆమె పనికి కొన్ని పట్టింపులు ఉండేవి. వస్తువు ఎంత ఉంటే అంతే వేయాలి, గింజంత పెంచకూడదు, తగ్గించకూడదు. బొమ్మ ఏ గదిలో ఉంటుందో ఆ గదిలోనే కూర్చొని వేయాలి. ఆ గది కిటికీ వెలుగు ఎటునుంచి పడితే బొమ్మలో నీడ అటే పోవాలి. అదీ ఒక్క వేళ నీడ. పొద్దున తొమ్మిదిగంటల నీడ వేయాలనుకుంటే తొమ్మిదికి మొదలుపెట్టి పదికి కుంచె కడిగేసేది. మిగతా రోజంతా దొడ్లో కలుపు, పొయ్యి దగ్గర పని. తపస్సు, సాధన వంటి మాటలు ఇక్కడ అనవసరం. వెలుగు మారిపోయేది, అంతే.

ఈ పట్టింపు వల్లనే ఆమెకు ఒక దిగులు పట్టుకుంది. ఇంటి గోడ మట్టిది. ఏడాదికోసారి మన్నూ పేడా కలిపి మెత్తాల్సిందే, లేకపోతే వానకు కరిగిపోతుంది. మెత్తితే బొమ్మ పోతుంది. చిలక్కొయ్యను ఆమె తొమ్మిదిసార్లు తిరిగి వేసింది. చెక్కల మీద వేసినవి ఇంట్లో నిలవవు. ఎవరో ఒకరు అడిగి తీసుకుపోతారు. ఒకసారి కర్నూలులో ఒక గుమాస్తా ఇంట్లో తన చెక్కబొమ్మను చూసింది. కిటికీ ఎడమపక్క ఉంటే బొమ్మలో వెలుగు కుడిపక్క నుంచి పడుతోంది. ఇంటికొచ్చి రెండురోజులు అన్నం సయించలేదు.

"పెండ్లికూతుర్ని తలకిందులుగా నిలబెట్టినట్టుండాది," అంది లేవితో. "నాకొక గోడ కావల్ల. మెత్తేది లేని గోడ. కదలని గోడ. ఒక్కటి చాలు."

అటువంటి గోడ ఆ పల్లెలో ఒక్కటే ఉంది. 1928లో అందరూ రాళ్లు మోసి కట్టుకున్న కొత్త గుడిది. తలుపు దాటగానే కుడివైపు, నున్నగా గచ్చు చేసిన గోడ. ఎదురుగా తూర్పు కిటికీ. తొమ్మిదిగంటల ఆరాధనకు జనం వచ్చే వేళకు వెలుగు ఆ గోడ మీద పక్కవాటుగా పడుతుంది. విశ్వాసమ్మ ఆ గోడను ప్రతి ఆదివారం చూసేది. ప్రసంగం ఏమి విన్నదో ఆమెకే తెలియాలి. సున్నం వేడి చల్లారడానికి ఏడాది ఓపిక పట్టి, అప్పుడు సంఘపెద్ద జ్ఞానరాజు దగ్గరికి పోయింది. ఊరి వరసకు ఆయన మామ అవుతాడు.

"మామా, తలుపు పక్క గోడ నాకియ్యి."

"ఇస్తే ఇంటికి ఎత్తకపోతావా?"

"ఆడనే ఉంటాది. గూడు రాస్తా. గూట్లో కూరగాయలు రాస్తా."

"గూడు కావల్లంటే బేల్దారి గిడ్డయ్యకు చెప్తే అర్ధగంటలో తొలుస్తాడు."

"తొలిస్తే గోడ బీటలిస్తాది మామా. నేను రాస్తే ఇయ్యదు."

జ్ఞానరాజు చెడ్డవాడు కాదు. అయితే ఆయన తాత విగ్రహాలను బావిలో పారేసి బాప్తిస్మం తీసుకున్నవాడు. ఆ కథను ఆయన ఎన్నిసార్లు చెప్పాడంటే, విగ్రహాలను తానే పారేసినంత అలుపు ఆయన ముఖంలో కనిపించేది. బొమ్మ అన్న మాట వింటేనే, విగ్రహాలు వద్దన్న పది ఆజ్ఞల పలక చేతిలోకి తీసుకునేవాడు.

"ఈపొద్దు వంకాయ రాస్తావు, రేపు మరియమ్మను రాస్తావు. ఎల్లుండి జనం దానికి టెంకాయ కొడతారు."

"మరియమ్మ నాకు యాడ దొరుకుతాది మామా? వంకాయలైతే దొడ్లో ఉండాయి."

పెద్దలు మూడు ఆదివారాలు చర్చించారు. ఆఖరికి జ్ఞానరాజు ఒక పరీక్ష పెట్టాడు. పంటల పండుగకు ఆమె ఒక చెక్క మీద బొమ్మ వేసి, అడిగిన గోడకే ఆనించి పెట్టాలి. జనం వచ్చి చూడాలి. "ఒక్కరంటే ఒక్కరు దానికి చేతులు జోడించినా సరే, చెక్క ఇంటికి, గోడ సున్నానికి. మల్లా అడగగూడదు."

విశ్వాసమ్మ ఒప్పుకుంది. ఇంటికొచ్చాక లేవి ఒక్కమాటే అన్నాడు: "భీమక్క సంగతేం జేస్తావు?"

భీమక్క ఊళ్లోకెల్లా ముసలి. అరవయ్యో ఏట బాప్తిస్మం పుచ్చుకొంది. అప్పుడు పెట్టిన పేరు ఆమెతో సహా ఎవరికీ గుర్తులేదు. చేతులు జోడించడం ఆమెకు దగ్గులాంటిది, ఆపుకోలేదు. పాదిరి గారికి, తాసిల్దారు గుర్రానికి, కర్నూలులో మొదటిసారి చూసిన రైలింజనుకు అందరికీ ఒకే మర్యాద చేసింది. గోడ పోతుందంటే ఆమెవల్లనే పోతుందని విశ్వాసమ్మకు తెలుసు. తెలిసీ, ఆ రోజు ముసల్దాన్ని ఇంట్లో కూర్చోబెట్టమని ఎవరికీ చెప్పలేదు. అది దొంగాట అవుతుందంది.

పంటల పండుగ ఆ పల్లెకు ఏడాదిలో పెద్దపండుగ. ప్రతి ఇల్లూ చేలో మొదట వచ్చింది, మచ్చలేనిది ఏరి తెచ్చి గుడిలో కుప్పపెట్టాలి. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేసి సంఘానికి జమకడతారు. కుప్ప పోసేది సరిగ్గా తలుపు పక్క గోడ కిందే. విశ్వాసమ్మ పండుగకు పన్నెండు రోజుల ముందు చెక్కను గోడకు ఆనించి, రోజూ తొమ్మిదినుంచి పదిదాకా కూర్చుంది. ముందు గూడు వేసింది, దాని అంచు సున్నం పెచ్చులతో సహా. తర్వాత వాడిపోయే వాటినుంచి మొదలుపెట్టి నిలిచే వాటిదాకా వచ్చింది. మొదట నాలుగు వంకాయలు, ఆ తర్వాత రెండు కొర్ర కంకులు, ఒక జొన్న కంకి. మూడోరోజు ఒక వంకాయలోంచి పురుగు తొలుచుకొని బయటికి వచ్చింది. చిన్న గుండ్రటి బొక్క, చుట్టూ గోధుమరంగు పొడి.

"దాన్ని తీసి వేరేది పెట్టరాదా?" అన్నాడు లేవి.

"ఏంటికి? నాకు ఆ వంకాయ ఇప్పుడే బాగుండాది," అంటూ బొక్క వేయడానికి ఉన్నవాటిలోకెల్లా సన్న కుంచె వెతుక్కుంది.

పండుగనాడు జనం బారులుగా వచ్చారు. తెచ్చిన గంపలు గోడకింద దింపి, తలెత్తి గూట్లో ఉన్నవాటిని కూడా ఒకసారి చూసి, ఎవరో ముందే తెచ్చి పైన సర్దారనుకొని లోపలికి పోయారు. ఇద్దరు ముగ్గురు మాత్రం నిలబడి వేలితో తాకబోయి, విశ్వాసమ్మ చూపు చూసి వెనక్కి తగ్గారు. ఒక్కరూ చేతులు జోడించలేదు. జ్ఞానరాజు తలుపుకు అటుపక్క, ఆమె ఇటుపక్క. ఇద్దరూ కాపలా.

ఆఖరున భీమక్క కర్ర తాటించుకుంటూ వచ్చింది. పిడికెడు కందులు కుప్ప మీద పోసింది. తల ఎత్తింది. గూడు వైపు చూసింది. కళ్లు చికిలించి ఇంకాస్త దగ్గరికి పోయింది. కర్రను చంకలో పెట్టుకొని రెండు చేతులూ జోడించింది.

"చూడు! చూడు!" అని జ్ఞానరాజు కేకేశాడు. ఆరాధనకు కూర్చున్నవాళ్లందరూ వెనక్కి తిరిగారు. విశ్వాసమ్మ గోడ వైపు చూసింది. ఇక చూడబోనన్నట్టు చూసింది.

భీమక్కకు ఇదేమీ పట్టలేదు. జోడించిన చేతులు విప్పి, గోరు చాచి బొమ్మలోని వంకాయను గీరడం మొదలుపెట్టింది.

"గీరాకవ్వా! ఇంకా ఆరలా!" అని విశ్వాసమ్మ ఆమె చేయి పట్టుకుంది. ముసలిదాని గోటికింద ఊదారంగు.

"ఎవురు పెట్టినారే ఈ పుచ్చొంకాయ?" అంది భీమక్క మండిపడుతూ. "దేవునికి పుచ్చుది పెడతారా? తీసి పారేద్దామంటే రాదే!"

"అవ్వా, అది బొమ్మ," అన్నాడు జ్ఞానరాజు. "నువ్వు బొమ్మకు మొక్కినావు. అందురూ చూసినారు."

"నేనా? పుచ్చొంకాయకు మొక్కేదానికి నాకేం పిచ్చా? ఎవురో తెలీక పెట్టినారు, తప్పుకాయి సామీ అని పైనుండే దేవుణ్ణి అడిగితి."

"చేతులు జోడించినావా లేదా?"

"జోడిస్తి. బొమ్మకు మొక్కల్లంటే అది బొమ్మని ముందు తెలియల్ల గదప్పా? నాకు వంకాయనే కనబడె."

వేదాంత పాఠశాలల్లో నాలుగేళ్లు చదివినవాళ్లు కూడా ఇంత పొట్టిగా చెప్పలేరు. గుడంతా గొల్లుమంది. జ్ఞానరాజు అటూ ఇటూ చూశాడు. పెద్దమనిషి కాబట్టి ఒక మెట్టు దిగాడు, ఒకటే.

"సరే, గోడ నీదే విశ్వాసమ్మా. అయితే పుచ్చు వద్దు. మంచికాయలే రాయల్ల. అది దేవుని గోడ."

 విశ్వాసమ్మ ఏళ్ల తరబడి కోరుకున్న గోడ, సరేనంటే చాలు. "మంచి వంకాయలు మూడుండాయి మామా, ఈడనే," అంది చివరికి. "వాటిని చూసి అందురూ నడిచి పోయినారు. అవ్వ నిలబడింది నాలుగోదాని కాడ. అది తీసెయ్యమంటే గోడ నాకొద్దు, సున్నమే కొట్టించుకో."

 లేవి కిందికి చూస్తున్నాడు. జ్ఞానరాజు నోరు తెరిచేలోపు కుప్ప దగ్గర నుంచి మళ్లీ భీమక్క గొంతు లేచింది. గూట్లోది వంకాయ కాదు, బొమ్మేనని ఆమె పూర్తిగా నమ్మినట్టు లేదు. ఒకటి పుచ్చుంటే ఇంకొకటి ఉండదా అని, వంగి కాయా పండూ అన్నీ తిప్పి చూస్తోంది.

"ఇదో! దీని అడుగు చూడండి! కుళ్లి నీళ్లు కారుతాండాది!"

గోడవైపు తిప్పి పెట్టిన పెద్ద గుమ్మడికాయ అది. ఆ ఊళ్లో గుమ్మడి కాసేది జ్ఞానరాజు బావికింద ఒక్కచోటే.

"అది... కోడలు తెచ్చిండాది," అన్నాడు జ్ఞానరాజు.

ఆడవాళ్లవైపు నుంచి కోడలు లేచింది. "నేను తేలేదు మామా. నేను వద్దంటే నువ్వే ఎత్తుకొస్తివి."

ఆ నవ్వుకు కిటికీ మీది పిచ్చుకలు లేచిపోయాయి. జ్ఞానరాజు ముందు ముడుచుకున్నాడు, తర్వాత గడ్డం గోక్కున్నాడు, ఆఖరికి ఆయనకే నవ్వొచ్చింది. "రాసుకోమ్మా," అన్నాడు. "బొక్క గూడా రాసుకో. ఎవురి పాపం వాళ్లకు కనపడనీ."

"నీ గుమ్మడికాయ గూడా రాస్తా మామా. బాగుండే పక్కే రాస్తాలే."

గోడకు రెండుసార్లు కాచిన నూనె పట్టించి, ఆరనిచ్చి, వచ్చే పంటల పండుగకు ఆమె గూడు పూర్తిచేసింది. రోజుకు గంట. రెండు మూరల పొడుగు, మూరన్నర ఎత్తు. వంకాయలు, కంకులు, గుమ్మడికాయ, ఒక ముల్లు విరిగిన తక్కెడ పళ్లెం. అది మహాకళాఖండమని ఇక్కడ చాటబోవడం లేదు. దొరసాని చెప్పినట్టు, ఉన్నది ఉన్నట్టు వేసిన బొమ్మ. మదరాసునుంచి ఎవరూ వచ్చి చూడలేదు. విశ్వాసమ్మకు దానిమీద ఫిర్యాదు లేదు. వాళ్లొస్తే వంట ఎవరు చేయాలంది. ఆమెకు కావలసింది ప్రతి ఆదివారం తొమ్మిదికి వచ్చేది. కిటికీ వెలుగు గోడ మీద పడి, గూట్లో నీడలూ గుడిలో నీడలూ ఒకే దిక్కుకు తిరిగేవి. ఆ పావుగంట ఆమె తలుపు దగ్గరే నిలబడేది. తర్వాత లోపలికి పోయి కూర్చునేది.

గుడికి ఏటా క్రిస్మసు ముందు సున్నం కొట్టేవాడు మారెన్న. బొమ్మ మీద చుక్క పడకుండా తాటాకు అడ్డం పెట్టి, గూడు అంచుదాకా కొట్టి ఆపేవాడు. పదహారేళ్లు అట్లాగే కొట్టాడు. 1946లో మారెన్న సున్నం కొడుతున్న రోజే విశ్వాసమ్మ బొమ్మ మీద దుమ్ము తుడుస్తూ అంచు వెంబడి వేలు పోనిచ్చి ఆగింది. సున్నం పొర మీద పొర చేరి చుట్టూ గోడ లేచింది. బొమ్మ ఉన్న చోటు వడ్లగింజ మందాన లోపలికి దిగి ఉంది. లేవిని పిలిచి అతని వేలు కూడా అక్కడ పెట్టించింది.

"చూడు, గూడు నిజంగానే లోపలికి పోతాండాది."

"నువ్వు రాసి వదిలేస్తివి, మారెన్న తవ్వుతాండాడు," అన్నాడు లేవి.

"ఇట్లనే రెండు మూడొందల క్రిస్మసులు పోతే దీంట్లో దీపం పెట్టచ్చు."

నిచ్చెన మీదున్న మారెన్న తిరిగి చూశాడు. "అన్ని దినాలు నాచేత కాదమ్మా. ఇప్పుడే చేతులు మండుతాండాయి."

"నీ పని నువ్వు చెయ్యప్పా," అంది విశ్వాసమ్మ. "మిగిలింది నీ మనవళ్లు చూసుకుంటారులే. తాటాకు మాత్రం సరిగ్గా పట్టు."